మందు, గుండు, టోపీ

2023 మే 31న, కృష్ణ పుట్టినరోజు నాడు, 'మోసగాళ్ళకు మోసగాడు' మళ్లీ థియేటర్లలోకి వచ్చింది. 1971 నాటి సినిమా. మా నాయిన దాన్ని కుర్రతనంలో తాండూరులో చూశాడట. నేను హైదరాబాదులో చూశాను. కౌబాయ్ సినిమాల మీద రాయాలని అప్పట్నుంచీ నోట్సు పెట్టుకుంటూ వచ్చాను గానీ, ఆ నోట్సు సినిమాల్ని వదిలేసి తుపాకుల వైపు పోయింది. కారణం ఒక చిన్న ప్రశ్న. ఈ సినిమాల్లో తుపాకి ఇంతసేపు పేలుతుంది కదా, నింపేదెప్పుడు?

మన కౌబాయ్‌లకి తాతలాంటి సినిమా సెర్జియో లియోనె తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'. 1966లో వచ్చింది, కథ జరిగేది అమెరికా అంతర్యుద్ధంలో, 1862లో. క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో కోల్ట్ నేవీ రివాల్వర్ ఉంటుంది. దాంట్లో అతను ఇత్తడి తూటాలు వేస్తాడు. ఆ మోడల్‌ని ఇత్తడి తూటాలకు పనికొచ్చేట్టు మార్చడం నిజంగా మొదలైంది 1870ల్లో. 1862లో ఆ రివాల్వర్ నింపాలంటే ఒక్కొక్క గదిలో నల్లమందు పోసి, సీసపు గుండు పెట్టి, కిందున్న మీటతో దట్టించి, వెనక రాగి టోపీ తొడగాలి. ఆరుసార్లు. ఇంగ్లీషులో దాన్ని క్యాప్ అండ్ బాల్ అంటారు. చేయి తిరగని వాడికి అయిదారు నిమిషాలు పడుతుంది. అంతసేపు ఎదుటివాడు చుట్ట కాల్చుకుంటూ నిలబడితే సినిమా నడవదు కాబట్టి లియోనెని తప్పుపట్టను.

ఈ తుపాకిని నేను మొదట ముట్టుకున్నది అమెరికాలో, పిట్స్‌బర్గ్‌లో ఒక ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు. మా టీములో తెనాలి అతనొకడు ఉండేవాడు. శాకాహారి. శనివారం పొద్దున పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి, మధ్యాహ్నం షూటింగ్ రేంజికి. అతను హెచ్-1బి వీసా మీద ఉన్నాడు. అలాంటి వాళ్లు వేటాడే లైసెన్సు లాంటి మినహాయింపు ఏదో ఒకటి లేకుండా తుపాకి దగ్గర పెట్టుకోకూడదని అమెరికా కేంద్ర చట్టం. అదే చట్టం 1898లో గానీ అంతకుముందు గానీ చేసిన తుపాకుల్ని, ఇప్పటి తూటాలు పట్టని వాటి నకళ్లని, అసలు తుపాకి అన్న మాటలోంచే మినహాయించింది. అవి పురాతన వస్తువులు. రాష్ట్రాల చట్టాలు వేరేగా ఉండొచ్చు, అది ఎక్కడికక్కడ చూసుకోవాల్సిందే. మావాడి మాట ఒకటే: "బ్రదర్, నా వీసాకి దొరికే తుపాకి ఇదొక్కటే."

అతని దగ్గరున్నది 1858 రెమింగ్టన్ నమూనా, ఇటలీలో పియెట్టా వాళ్లు చేసింది. ఈ పాత అమెరికన్ తుపాకుల నకళ్లు చాలామటుకు ఇటలీలో, బ్రెషియా దగ్గరి ఒక లోయలో తయారవుతాయి. కౌబాయ్ సినిమాలూ అక్కడివే, తుపాకులూ అక్కడివే. పిస్తోళ్ల విషయంలో అమెరికా వాళ్లు తమ చరిత్రని ఇటలీ నుంచి దిగుమతి చేసుకుంటున్నారు.

కొత్తవాడికి అతను చెప్పిన పాఠం గుర్తున్నంత మేరకు చెప్తాను, ఎందుకంటే తరువాతి కథకి అది కావాలి. మొదట హ్యామర్‌ని సగం దాకా లాగితే సిలిండర్ చేత్తో తిరుగుతుంది. మందుని డబ్బాలోంచి నేరుగా పోయకూడదు. వెనకటి రవ్వ ఏదైనా గదిలో మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలోనే అంటుకుంటుంది. కొలత గొట్టంలోకి వంపుకుని, అందులోంచి గదిలో పోయాలి. ఆ రివాల్వర్‌కి అతను పోసేది పాతిక గ్రెయిన్లు, అంటే ఒకటిన్నర గ్రాము పైన. నల్లమందే పోయాలి. ఇప్పటి పొగరాని మందు పోస్తే సిలిండర్ పగిలి మొహం మీదకొస్తుంది. గుండు గది కన్నా వెంట్రుకవాసి పెద్దది. మీట నొక్కినప్పుడు అంచు చుట్టూ సీసం సన్నటి ఉంగరంలా చెక్కుకుని కిందపడాలి. అది పడితే గుండు బిగుతుగా కూర్చున్నట్టు లెక్క. గుండుకీ మందుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. గుండు మీద కాస్త కొవ్వు. అన్నిటికన్నా చివర్న, తుపాకి మూతి గురి వైపు ఉన్నాకే, వెనక టోపీలు.

టోపీ కొడితే ఒక్కోసారి పేలదు. అప్పుడు వెంటనే తిప్పి చూడబుద్ధేస్తుంది. చూడకూడదు. మూతి గురి వైపే ఉంచి అర నిమిషం పైనే ఆగాలి. ఒక్కోసారి మందు ఆలస్యంగా అంటుకుంటుంది.

పేలినప్పుడు చప్పుడు 'ఢాం' అని రాదు, లోతుగా, ఎవరో దుప్పటి దులిపినట్టు వస్తుంది. తర్వాత తెల్లటి పొగ. గురి కనపడదు. నల్లమందు కాలాక దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది, ఆ పొగా, గొట్టంలో పేరుకునే మసీ అదే. ఈ పొగ వల్లే చాలా ఇండోర్ రేంజిల్లోకి నల్లమందుని రానివ్వరు. ఆ మసి గాల్లో తేమని పీల్చుకుంటుంది, రాత్రి వదిలేస్తే పొద్దునకి తుప్పు. అందుకని అరగంట కాల్చినవాడు ఇంటికొచ్చి గంటసేపు వేడి సబ్బునీళ్లతో కడుగుతూ కూచుంటాడు. తుపాకిని విప్పి సింకులో అంట్లు తోమినట్టు తోమడం నేను అక్కడే చూశాను.

గుండు మీద పెట్టే కొవ్వు దగ్గర మావాడికి పేచీ వచ్చింది. కాల్చినప్పుడు పక్క గదిలోకి నిప్పు పాకకుండా అడ్డుపడుతుందని, మసి గట్టిపడకుండా మెత్తగా ఉంచుతుందని ఆ కొవ్వు. అక్కడ పాతకాలం నుంచీ జంతువుల కొవ్వు, తేనెమైనం కలిపి వాడతారు. ఇతను శాకాహారి కదా, మైనంలో ఆలివ్ నూనె కలుపుకున్నాడు. బాగానే పనిచేసింది. ఆ డబ్బా చూసినప్పుడు నాకు ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం గుర్తొచ్చింది. 1857, ఎన్‌ఫీల్డ్ తుపాకి, ఆవు కొవ్వు, పంది కొవ్వు, పళ్లతో కొరకడం. నాలుగు మార్కుల ప్రశ్న. తూటాని పళ్లతో ఎందుకు కొరకాలో, దానికి కొవ్వు ఎందుకు పూయాలో ఆ పుస్తకమూ చెప్పలేదు, మా సారూ చెప్పలేదు. ఎన్‌ఫీల్డ్ తూటా అంటే కాగితం పొట్లం. లోపల ఒక గుండుకి సరిపడా మందు, గుండు. ఒక చేత్తో తుపాకి నిలబెట్టి పట్టుకున్న సిపాయి పొట్లం చివర పళ్లతో చించి, మందు గొట్టం మూతిలో పోసి, కొవ్వు పూసిన కాగితంతో సహా గుండుని అందులో పెట్టి గజంతో దట్టించాలి. కొవ్వు లేకపోతే నాలుగు దెబ్బలయ్యేసరికి మసి పేరుకుని గుండు దిగదు. అంటే మతం సంగతి మొదలైంది మసి దగ్గర. మైనమూ నూనే సరిపోతాయన్న ముక్క సిపాయిల సంగతి పట్టించుకునేవాడు ఎవడైనా ముందే ఆలోచించి ఉంటే... పోనీ, చరిత్రని ఒక డబ్బాతో మార్చేసే వ్యాసాలు నాకే నచ్చవు.

ఆ టోపీ కథ కూడా బాగుంటుంది. చెకుముకి రాయి తుపాకిలో ముందు పళ్లెంలో మందు భగ్గుమంటుంది, ఆ తర్వాత క్షణానికి అసలు మందు అంటుకుంటుంది. ఆ మెరుపు చూసి పిట్టలు లేచిపోతున్నాయని విసుగెత్తిన స్కాట్లాండ్ చర్చి ఫాదరు అలెగ్జాండర్ ఫోర్సైత్, దెబ్బ తగిలితే పేలే రసాయనంతో పని జరిపించే ఉపాయం కనిపెట్టి 1807లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాతి ఇరవై ఏళ్లలో అది రాగి టోపీ రూపానికొచ్చింది. కోల్ట్ తన రివాల్వర్‌కి పేటెంటు తీసుకున్నది 1836లో. మరో పేటెంటు ముచ్చట సాఫ్ట్‌వేర్ వాళ్లకి నచ్చుతుంది. సిలిండర్‌ని వెనకదాకా తొలిచి, తూటాని వెనకనుంచి పెట్టే ఏర్పాటు రోలిన్ వైట్ అనే ఆయన 1855లో పేటెంటు చేయించాడు. హక్కులు స్మిత్ అండ్ వెసన్ దగ్గరున్నాయి. అది 1869లో తీరేదాకా అమెరికాలో మిగతా కంపెనీలు చాలామటుకు మందూ, గుండూ, టోపీ పద్ధతిలోనే ఉండిపోయాయి. అంతర్యుద్ధం సగం ఆ పాత పద్ధతి మీదే నడిచింది.

ఇదంతా నేను వీడియో కాల్‌లో మా నాయినకి ఉత్సాహంగా చెప్పాను. ఆయన మొత్తం విని, "గంతేనా? మన బర్మారే గద," అన్నాడు.

మాది ధారూర్ మండలంలో ఒక ఊరు. వికారాబాద్ నుంచి తాండూరు పోయే రైలు ధారూర్ మీదుగా పోతుంది. నవంబర్‌లో క్రైస్తవ జాతర జరిగే ఊరుగా బయటివాళ్లకి తెలుసు, ఈ మధ్య కోట్‌పల్లి చెరువులో పడవలెక్కడానికి వచ్చే హైదరాబాద్ వాళ్లకీ తెలుసు. చుట్టూ అనంతగిరి అడవి. అడవి అంచున చేను అంటే పందులతో పొత్తు వ్యవసాయమే. మా తాత దగ్గర ఒంటిగొట్టం తుపాకి ఉండేది, దాని పేరు బర్మారు. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు, అందులోంచి వచ్చిన మాటే అనుకుంటాను. తాత దాని భాగాల్ని ఉర్దూలోనే పిలిచేవాడు. హ్యామర్ 'ఘోడా', దట్టించే కడ్డీ 'గజం', రాగి మూత 'టోపీ'. నిజాం రాజ్యంలో పుట్టినవాడు కదా, తుపాకి సంగతులన్నీ ఆయనకి ఆ భాషలోనే వచ్చాయి. మన 'తుపాకి' మాటే తురకల నుంచి వచ్చింది. తెనాలివాడు నేర్చుకున్న పాఠంలో ఉన్నవన్నీ, ఒక్క తిరిగే సిలిండర్ తప్ప, మా అటక మీద ఉండేవి.

ఆ తుపాకికి లైసెన్సు ఉండేది. చిన్న పుస్తకం, మీద ఫోటో. దాంట్లో కారణం అన్నచోట పంట రక్షణ అని రాసి ఉండేది. అది ఎవరో గుమాస్తా సొంతంగా రాసింది కాదని చాలా తర్వాత తెలిసింది. 1959 ఆయుధాల చట్టం పదమూడో సెక్షన్‌లో అధికారి లైసెన్సు ఇవ్వాల్సిన సందర్భాలు చెప్తూ, నిజంగా పంట కాపాడుకోవడానికి వాడే, మూతిలోంచి మందు పోసే తుపాకిని పేరుపెట్టి చెప్పారు. అదే చట్టం నలభై అయిదో సెక్షన్‌లో పాతకాలపు తుపాకులకి మినహాయింపు కూడా ఉంది, కానీ బాగుచేసినా పేలనివై ఉంటేనే. అమెరికా చట్టం ఈ వస్తువుని చరిత్ర ఖాతాలో వేసింది, మన చట్టం వ్యవసాయ పనిముట్ల ఖాతాలో వేసింది. అక్కడ వీసా మీదున్న ఇంజనీరు పోస్టులో తెప్పించుకోగలిగిన దానికి, ఇక్కడ కలెక్టరాఫీసు, పోలీస్ స్టేషను, ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవడం. మేం చిన్నప్పుడు ఎన్నికలొచ్చాయంటే ఆ రసీదు తాత తలపాగాలో ఉండేది.

తాత దాంతో పందిని కొట్టిన సంగతి నాకు తెలియదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పంట పాడుచేస్తున్నా సరే జంతువుని చంపాలంటే అటవీ అధికారుల అనుమతి కావాలి. ఆయన భయం చట్టమంటే కాదులెండి, మందు ఖర్చు. కార్తీకంలో మక్కచేను పాలకంకి మీదున్నప్పుడు మంచె మీద పడుకునేవాడు. నేనూ రెండుమూడు రాత్రులు పడుకున్నాను. పందులు వస్తే ముందు చప్పుడు రాదు, ఎండాకుల్లో ఒక నలుగుడు. తాత లేచి, చీకట్లో చేతివేళ్లతోనే మందు కొలిచి పోసి, గుండు పెట్టకుండా పాతగుడ్డ దట్టించి, ఆకాశం వైపు పెట్టి కొట్టేవాడు. పొగ కిందికి దిగి మంచె చుట్టూ కొంతసేపు ఉండేది. కుళ్లిన గుడ్డు వాసన, అదే గంధకం వాసన. పిట్స్‌బర్గ్‌లో మొదటి దెబ్బ కొట్టినప్పుడు నాకు తెలిసినట్టు అనిపించింది ఆ వాసనే.

"గుండు పెట్టొచ్చు గదా తాతా," అనడిగాను ఒకసారి.

"ఎందుకురా? మనిషి ఉన్నడని తెలిస్తే సాలు అవిటికి," అన్నాడు.

ఇప్పుడు ఆ చేన్ల చుట్టూ మనిషి ఉండడం లేదు. పాత చీరలు కడతారు, సెలూన్ నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లుతారు, కుక్క అరుపులు రికార్డు చేసి మైకు పెడతారు. కొన్నాళ్లకి పందులకి అన్నీ అలవాటైపోతాయి. ఆ తర్వాత కొందరు చేసేది కరెంటు తీగ. మోటారు స్తంభం నుంచి చేను చుట్టూ మోకాలెత్తున ఇనుపతీగ లాగి నేరుగా కరెంటు వదిలేస్తారు. నేరం అని అందరికీ తెలుసు. తెలంగాణ పేపర్లలో జిల్లా పేజీ తిప్పేవాళ్లకి ఈ వార్త కొత్త కాదు, పంది కోసం పెట్టిన తీగకి రైతు, ఎద్దు, చెప్పకుండా చేలోకి వచ్చిన చిన్నపిల్లవాడు. మా పక్క తండాలో మూడేళ్ల కింద ఒకతను పోయాడు. ఇరవై రెండేళ్లు. తీగ తనది కాదు, పక్క చేనుది. రాత్రి నీళ్లు మళ్లించడానికి పోయాడు. నాకు వాలీబాల్ ఆటలో తెలుసు అతను, ఎడంచేతి వాటం.

నల్లమందు తుపాకిని ఇష్టపడేవాళ్లు దాని నెమ్మది గురించి చాలా మాట్లాడతారు. మనసు కుదురుతుంది, ఓపిక నేర్పుతుంది, ధ్యానం లాంటిది, ఇలాంటివి. ఆదివారం మధ్యాహ్నం తుపాకి కాల్చేవాడికి అవన్నీ నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ నెమ్మదిలో వేరేది కనిపిస్తుంది. మందు పోయడానికి, దట్టించడానికి, టోపీ పెట్టడానికి మనిషి మేలుకుని ఉండాలి. ఎటు పెడుతున్నాడో చూడాలి. పేలకపోతే అర నిమిషం ఆగాలి. పొగ విడిచాక మళ్లీ చూడాలి. తీగకి అవేవీ అక్కర్లేదు. స్విచ్ వేసి ఇంటికిపోయి పడుకోవచ్చు, రాత్రంతా అదే పనిచేస్తుంది. ఎవరొచ్చినా ఒకటే దానికి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తే అది ఆటోమేషన్. రోజూ నేను చేసే పని అదే కాబట్టి ఆ మాట వాడుతున్నాను.

మళ్లీ తుపాకి పట్టుకోండి అని రైతులకి చెప్పడం లేదు. బర్మార్లతో మా వైపు జరిగిన ప్రమాదాలూ తెలుసు, వేటకి పోయి పొదలో కదిలిందల్లా పంది అనుకున్నవాళ్లూ తెలుసు. తెలంగాణ పోరాట కాలంలో ఇదే బర్మారు దళాల చేతుల్లో తిరిగింది, నిజాం పోలీసుల ఎదుట. దాన్ని ఒక్క పంటకావలి వస్తువుగా మాత్రమే చూడమనడం సగం కథ. కానీ తాత చేతిలో అది ఏం పని చేసిందో నేను చూశాను, దాని స్థానంలోకి ఏం వచ్చిందో కూడా చూశాను.

తాత పోయాక లైసెన్సు నాయిన పేరు మీదికి మారింది. నాయిన మంచె ఎక్కింది తక్కువ, తుపాకిని మాత్రం ఏటా తుడిచి నూనె రాసేవాడు. ఆయన మోకాళ్లు పోయాక ఈసారి రెన్యువల్ దగ్గర ఇంట్లో పంచాయితీ నడిచింది. 2019 సవరణ తర్వాత లైసెన్సు మూడేళ్లకి బదులు అయిదేళ్లకి ఇస్తున్నారు, ఒకసారి తిరిగితే అయిదేళ్లు నిశ్చింత అని నాయిన వాదన. నా పేరు మీద రాయించమన్నాడు. దరఖాస్తు దొరికింది, నింపడం మొదలుపెట్టాను. కారణం అన్నచోట ఆగాను. పంట రక్షణ అని రాయాలి. నేను ఉండేది గచ్చిబౌలిలో, పదకొండో అంతస్తు. చట్టంలో ఉన్న మాట 'నిజంగా' పంట కాపాడుకోవడానికి అని. ఆ ఒక్క మాట లేకపోతే సంతకం పెట్టేవాణ్ణేమో.

చిన్నాయిన కొడుకు వ్యవసాయం చేస్తాడు, అతన్ని అడిగాం. "అన్నా, పొద్దంతా చేన్ల ఉండి రాత్రి మంచె మీద పడుకునుడు నాతోని గాదు. మందు యాడ దొరుకుతది? టోపీలు యాడ దొరుకుతయి?" అన్నాడు. న్యాయమే. హైదరాబాదులో లైసెన్సున్న దుకాణానికి పోవాలి, పుస్తకంలో రాయించుకోవాలి, బస్సులో మందు తేకూడదు. ఒక ఆఫీసులో మూడుసార్లు తిప్పి, నాలుగోసారి పాత పద్ధతిలో కాదు ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు. అమ్మ మొదట్నుంచీ ఒకటే మాట మీద ఉంది: ఇంట్లో మనవలు పెరుగుతున్నారు, అది పోవాలి.

గడువు తీరకముందే తుపాకిని లైసెన్సున్న డీలరు దగ్గర డిపాజిట్ చేశాం. కౌంటర్ వెనక అతను గొట్టంలోకి టార్చి వేసి చూసి, "బాగా పెట్టుకున్నరు, తుప్పు లేదు," అన్నాడు నాయినతో. నాయిన వేడినీళ్ల సంగతి చెప్పాడు. తుపాకిని ఎలా కడగాలో, తాత ఏ నూనె రాసేవాడో, ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. నేను పక్కన నిలబడి ఫారాలు నింపాను.

ఈ వానాకాలం ఆ రెండెకరాల్లో మక్క వేయలేదు. పందులు పత్తి జోలికి అంతగా రావని పత్తి పెట్టారు. గట్టు మీద మాత్రం రెండు సాళ్లు కంది వేయించింది అమ్మ, ఇంటికి పప్పు కావాలని.